మునస్వామి ఆర్పలేకపోయిన మంట

చంద్రగిరి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసిన మునస్వామి ఒక చోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు లేరు. భోజనానికి కూర్చున్నా రెండు ముద్దలకోసారి లేచి మిద్దె ఎక్కేవాడు. అక్కడినుంచి కోట వెనక కొండలు కనిపిస్తాయి. పొగ ఉందేమో చూసుకుని దిగేవాడు. మళ్ళీ రెండు ముద్దలు.

"కొండకేమన్నా పిల్లనిచ్చినావా?" అనేది భార్య కోమలి. "కూర సల్లారిపోయుండాది. మళ్ళీ ఎచ్చబెట్టను, చెప్తా ఉండా."

ఈ పొగ పిచ్చి తొంభై మూడు ఎండాకాలంలో పట్టింది. కొండ రెండు రోజులు కాలింది. కాళ్ళు కాలిన దుప్పిపిల్లను ఎవరో గోనెసంచిలో ఆసుపత్రికి తెచ్చారు. మునస్వామి మందు పూశాడు, పాలు పట్టాడు. మూడో రోజు అది చచ్చిపోయింది. ఆ రోజునుంచి మనిషికి కాలు నిలవలేదు. మరుసటి వారం ఇంకో మంట కనిపిస్తే నలుగురిని పోగేసుకుని కొండెక్కాడు. అంత ఎత్తుకు నీళ్ళేం మోస్తారు? పచ్చి కొమ్మలు విరిచి, మంటను కొట్టి కొట్టి ఆర్పారు. కనుబొమ్మలు కాలి దిగొచ్చిన వాళ్ళను చూసి ఊరంతా నవ్వింది. 'కొండ కావలి' సంఘం అలా పుట్టింది.

రెండో ఏటికి పదహారు మంది అయ్యారు. తిరుపతి కాలేజీ లెక్చరరు చక్రధర్ చేరాక రిజిస్ట్రేషనూ, బోర్డూ, ఆకుపచ్చ టోపీలూ వచ్చాయి. ఆయన అధ్యక్షుడు, మునస్వామి కార్యదర్శి. అయిదేళ్ళు తిరిగేసరికి అరవై మంది. పుష్యమాసం మొదలుకుని ఏ వాలులో చిన్న పొగ లేచినా పరిగెత్తి ఆర్పేసేవాళ్ళు. ఆర్పిన ప్రతి మంటకూ ఆఫీసు గోడమీద మునస్వామి సుద్దతో ఒక గీత గీసేవాడు.

ఆ చిన్న మంటలు ఎవరు పెడతారో అతనికి తెలుసు. కాలిన చోట లేత గడ్డి వస్తుందని గొర్రెల వాళ్ళు పెట్టేవి. వాళ్ళలో పెద్దవాడు కుప్పయ్య. గొర్రెలకు నట్టల మందు తాగించడానికి మునస్వామి దగ్గరికే తోలుకొచ్చేవాడు.

"ఎందుకప్పా కొండకు నిప్పు పెడతావు?" అని అడిగితే, కుప్పయ్య గొర్రె నోరు తెరిచి పట్టుకుని, "ముందు మందు పొయ్యప్పా" అనేవాడు.

తొంభై ఎనిమిది జనవరిలో సంఘం వార్షికోత్సవం. కల్యాణమండపంలో శాలువలు, ఉపన్యాసాలు. వేదికమీద మునస్వామికి ముళ్ళమీద కూర్చున్నట్టుంది. కిటికీలోంచి కొండమీద ఏనుగుబండ వైపు పొగ కనబడింది. లేవబోతే చక్రధర్ చెయ్యి పట్టుకుని, "కూర్చోండి, తర్వాతి శాలువ మీకే" అన్నాడు. అది కప్పించుకుని, దానితోనే పరిగెత్తి వెళ్ళేసరికి ఏనుగుబండ వాలంతా నల్లగా ఉంది. ఆ ఏడు ఆర్పలేకపోయింది అదొక్కటేనని నెలరోజులు కుమిలిపోయాడు.

ఏప్రిల్లో పెద్ద మంట వచ్చింది. నడుమెత్తు పెరిగిన ఎండుగడ్డి. కొమ్మలు పట్టుకున్నవాళ్ళు దగ్గరికే పోలేకపోయారు. మూడు రోజులు కాలి, మామిడితోపుల అంచుదాకా దిగింది. సంఘంలో ఇద్దరు కుర్రాళ్ళ చేతులు కాలాయి.

చక్రధర్ ఫిర్యాదు టైపు చేయించాడు. నిప్పు పెట్టినవాడు కుప్పయ్య, అతనిమీద కేసు పెట్టి కొండ మేపు ఆపించాలి అని. కార్యదర్శి సంతకం కావాలి.

"ఏటా పెట్టేది ఆయనే సార్. ఇది కూడా ఆయనే పెట్టినాడో లేదో..."

"ఆదివారం మీటింగుకి సంతకం చేసి తీసుకురండి."

మునస్వామి ఆ కాగితం జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాడు. సంతకం పెడితే కుప్పయ్య ఎనభై గొర్రెలూ అమ్ముకోవాలి. పెట్టకపోతే ఆ కుర్రాళ్ళ మొహం చూడలేడు. రాత్రీ పగలూ మిద్దె ఎక్కడం, దిగడం. చివరికి కోమలే అంది: "ఆ మనిషినే పొయ్యి అడగరాదా? మిద్దె చెప్తాదా నీకు?"

కుప్పయ్య దొడ్డిలో గొర్రెలకు ఆకు వేస్తున్నాడు. "నువ్వేనా పెట్టినది?" అంటే తల కూడా ఎత్తలేదు.

"ఏటా పెడతా ఉంటి. మా నాయన కాలంనుంచీ పుష్యంలోనే పెడతాము, మంచు తడి ఆరకముందే, గాలి లేనప్పుడు. కొంచెం కాలి దానంతట అదే ఆరిపోతాది. మీరు టోపీలేసుకుని వచ్చి ఆర్పేస్తిరి. అయిదేండ్ల గడ్డి నిలిచిపొయ్యినాది. ఎండల్లో ఎవుడో బీడీ పారేసుంటాడు."

"ఎట్ల నమ్మేది?"

"నమ్మొద్దులే. నాతో రా."

కొండంతా బూడిద. ఏనుగుబండ దగ్గరికి వచ్చేసరికి మంట గిరిగీసినట్టు ఆగిపోయింది. అవతల చీలమండ ఎత్తు పచ్చగడ్డి, ఆకుతో నిలబడ్డ ఉసిరిచెట్లు, మట్టిలో దుప్పి గిట్టల అచ్చులు.

"ఈడ మాత్రం పెడితి," అన్నాడు కుప్పయ్య. "ఆ పొద్దు మీరు శాలువలు కప్పుకుంటా ఉంటిరి కదా, సందు దొరికినాది."

మునస్వామి బండమీద కూర్చున్నాడు. ఎంతసేపటికీ లేవలేదు. కుప్పయ్యకు భయమేసింది. "ఏమప్పా, తల తిరిగినాదా?"

ఆదివారం మీటింగులో సంతకం లేని కాగితం బల్లమీద పెట్టాడు. "ఏనుగుబండ ఒకటే మిగిలింది సార్, మనం ఆర్పలేదు కాబట్టి. కుప్పయ్య పేరు రాస్తే, దానికింద మన అరవై పేర్లూ రాయాల."

"అయిదేళ్ళు మనం చేసిందంతా తప్పంటారా?"

"అనేదానికి నాకు మాత్రం నోరొస్తాదా సార్? గోడమీద గీతలన్నీ నేను గీసినవే."

ఫిర్యాదు వెళ్ళలేదు. చక్రధర్ వెళ్ళిపోయాడు. ఆయనతో నలభై టోపీలు పోయాయి.

మరుసటి పుష్యంలో కొండెక్కింది పదకొండు మంది. ఏడుగురు గొర్రెల వాళ్ళే. అటవీ గార్డును పక్కన ఉంచుకుని, మంట దాటకుండా చుట్టూ బారెడు వెడల్పున గడ్డి చెక్కి, ఆ హద్దులోపలే తెల్లవారుజాము మంచులో కాల్చారు. ఆ మరుసటేడు చేతులు కాలిన కుర్రాళ్ళిద్దరూ తిరిగొచ్చారు. రెండువేల అయిదుకు అయిదు ఊళ్ళలో కావలి బృందాలు ఏర్పడ్డాయి.

మునస్వామి రిటైరయ్యాక ఒక పుష్యంలో కుప్పయ్య కొండ దిగి వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాడు. రెండు ముద్దలకే మునస్వామి లేచాడు.

"ఆ పొగ మనదేలేప్పా. గార్డు ఆడే ఉండాడు, మనోళ్ళూ ఉండారు. కూచో."

కూర్చున్నాడు. ఇంకో రెండు ముద్దలు తిన్నాడు. లేచి మిద్దె ఎక్కాడు. కోమలి కూర గిన్నెమీద మూత పెట్టింది.