వంట పెద్దమ్మ దాచిన కంచాలు

మా బడి వంట పెద్దమ్మ పోయిందన్న కబురు వచ్చేసరికి నేను విజయనగరంలో ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని ఉన్నాను. ఫోన్ చేసింది మా వాచ్‌మన్. "రాతిరి జొరం వొచ్చి పడుకుందండి. పొద్దున్న లెగలేదు" అన్నాడు. నా ఎదురుగా బదిలీ ఫారం తెరిచి ఉంది. ఎనిమిదేళ్లు కొండ మీద పాఠాలు చెప్పాను, ఇక ఇంటి దగ్గర బడికి వచ్చేద్దామని ఆప్షన్లు పెట్టుకోవడానికి వెళ్లాను. ఆ మాట విన్నాక ఏ ఊరి పేరు నొక్కాలో తోచలేదు. ఇంకా నాలుగు రోజులు గడువుందిలే అనుకుని లేచి వచ్చేశాను.

ముంచింగిపుట్టు దాటాక, లోపలికి ఉంది మా బడి. కొండ ఊళ్ల ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. పెద్దమ్మ వంట ఎంత బాగుండేదో చెప్పను, ఎందుకంటే సాంబారులో ఉప్పు ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే. ఆ మాటంటే, "ఉప్పు తిన్న గుంట మరిసిపోదు" అనేది. గుంటంటే ఆవిడ మాటలో ఆడపిల్ల. భోజనానికి గంట కొట్టేది కాదు. కంచం మీద గరిటెతో టంగు టంగుమనిపించేది.

మీలో పంతుళ్లుంటే ఒప్పుకుంటారు, జూన్ మాకు తిన్నగా రాదు. పిల్లల్ని చూడాలని ప్రాణం లాగుతుంది. ఈసారి ఎన్ని పేర్లు కొట్టేయాలో అని గుబులూ పుడుతుంది. వేసవికి ఇంటికి వెళ్లిన పిల్లలందరూ మా బడికి తిరిగి రారు. ఒకమ్మాయికి పెళ్లి, ఇంకొకమ్మాయికి తమ్ముణ్ణి ఎత్తుకునే పని. ఈ గుబులు పెద్దమ్మతో చెబితే నవ్వింది. "ఎసరు పెట్టినపుడు నాకూ బయ్యమే టీచరమ్మా. అన్నం ఉడికినాక ఎవులికి గుర్తుంతాది?"

ఆవిడ దగ్గర ఒక ఉపాయం ఉండేది. ఏప్రిల్లో ఆఖరి రోజున గేటు దగ్గర గోనె పట్టుకుని నిలబడేది. "కంచం ఒగ్గేసి ఎల్లండే. జూన్‌లో వొచ్చి తీసుకోండి." ఇంటి దగ్గర పిల్లలు దేంట్లో తింటారని మొదటి ఏడాది నేను దెబ్బలాడాను. "అడ్డాకులు లేవేటి?" అని నా నోరు మూయించింది. మేకుతో పేర్లు గీసిన ఆ కంచాలన్నీ బూడిదతో తోమి స్టోర్ రూమ్ అలమరలో పేర్చేది.

బడి తెరిచిన మూడో రోజుకీ అలమరలో కంచం మిగిలిపోతే, దాన్ని సంచిలో వేసుకుని ఆ పిల్ల ఊరికి నడిచేది. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. పెళ్లి వయసు, చట్టం అంటూ దారంతా ఉపన్యాసం తయారు చేసుకున్నాను. పెద్దమ్మ గుమ్మంలో కంచం పెట్టి, తల్లిని ఒక్క మాటే అడిగింది.

"ఈ కంచంలో ఎవులికి పెట్టమంతావు?"

మర్నాడు పిల్ల వచ్చింది. ప్రతిసారీ ఇలా జరిగిందని అబద్ధమాడను. రాని పిల్లల కంచాలు పై అరలో ఉండేవి. వాటినీ ఏటా తోమేది.

ఈ జూన్‌లో అలమర నేనే తెరిచాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కంచాలు తీసుకున్నారు, పెద్దమ్మను తలుచుకుని ఏడ్చారు. చివరికి కింది అర మూలలో ఒక స్టీలు గ్లాసు కనిపించింది. అది నాదే. ఏప్రిల్లో కనబడక, ఎవరో కొట్టేశారని రెండు రోజులు అందరి మీదా విరుచుకుపడ్డాను. బదిలీ సంగతి నేను ఆవిడకు చెప్పనే లేదు. గ్లాసు పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. దొంగ ముసలిది అని తిట్టుకున్నాను కూడా.

ఆ సాయంత్రం ఆప్షన్ల గడువు దాటిపోయింది. దీన్ని త్యాగమనుకోకండి, వచ్చే ఏడాది మళ్లీ పెట్టుకుంటానేమో.

మూడో రోజుకి ఒక కంచం మిగిలింది, ఎనిమిదో తరగతి పిల్లది. పెద్దమ్మ సంచి మేకుకే వేలాడుతోంది. కంచం అందులో వేసుకున్నాను. దారిలో ఊట నీళ్లు తాగడానికి గ్లాసూ వేసుకున్నాను. ఎక్కుడు దారిలో అడుగు తీసి అడుగు వేస్తుంటే గ్లాసు కంచానికి తగిలి టంగు టంగుమంటోంది. ఊరి మొదట్లోనే, గుమ్మం ముందు చోళ్లు చెరుగుతున్న పిల్ల ఆ చప్పుడుకి చేట ఆపి తలెత్తింది.