అత్తగారు ఖాళీగా పంపని గిన్నె

రావులపాలెంలో మా ఇంటికీ, పక్కింటి సత్యవతి పిన్నిగారి ఇంటికీ మధ్య కూర గిన్నెలు తిరగని రోజుండదు. వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపడం మా అత్తగారికి మహాపరాధం.

మొన్న వానాకాలంలో నాకు గొంతు ఇన్ఫెక్షన్ వచ్చింది. డాక్టరుగారు యాంటీబయాటిక్ రాసి, తగ్గినా మధ్యలో ఆపవద్దన్నారు. జ్వరం తగ్గిన సాయంత్రం చూస్తే మాత్రలు కనిపించలేదు.

"నీకు తగ్గిపోయింది కదమ్మా! సత్యవతి దగ్గుతోందని, వాళ్ల పులుసు గిన్నెలో పెట్టి ఇచ్చొచ్చాను" అన్నారు అత్తగారు, ఎంతో సంబరంగా.

చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాను. పిన్నిగారు అప్పటికే నోరు తెరిచి మాత్ర వేసుకోబోతున్నారు. "వద్దండీ!" అని అరిచి లాక్కున్నాను. గ్లాసులో నీళ్లన్నీ ఆవిడ చీర మీద పడ్డాయి.

"ఇచ్చింది లాక్కుంటావేంటమ్మాయ్?" అని ఆవిడ చిన్నబుచ్చుకున్నారు. అట్ట మీదున్న మందు పేరు చదివి వినిపించాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"అమ్మో! అది నాకు పడదే తల్లీ. ఒకసారి వేసుకుంటే మొహం వాచి, ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యాను!"

గిన్నెలో మిగిలిన మాత్రలు కూడా గబగబా తీసేసుకున్నాను. అంతలో ఆవిడే తడిసిన చీర చూసుకుని పకపకా నవ్వేశారు.

మందులు ఎవరివి వాళ్లే వాడుకోవాలని మా ఇంట్లో అందరికీ తెలిసొచ్చింది. నా కోర్సు పూర్తయ్యేదాకా అత్తగారే వేళకు మాత్రిచ్చి, మింగేవరకూ ఎదురుగా నిలబడ్డారు. గిన్నెలు మాత్రం ఆగలేదు. ఈసారి సున్నుండలు పంపితే, పిన్నిగారు గోడ మీంచి మమ్మల్ని చూస్తూ, ఒకటి విరిచి, లోపల వెతికి మరీ నోట్లో వేసుకున్నారు!