బొటనవేలి కింది బొత్తాం

ఫిజిక్స్ మేష్టారి బొటనవేలు ఎప్పుడూ గాల్లో ఏదో నొక్కుతూనే ఉంటుంది. అన్నం ముందున్నా, అద్దం ముందున్నా అంతే. లోకమంతా వాడే కంప్యూటర్లంటే ఆయనకు జాలి, తనది ప్రతిదానికీ ఆదేశాలు లైన్లు లైన్లుగా రాసుకుని నడుపుకునే లినక్స్. అందులో కొత్త వైర్‌లెస్ మౌస్ వెన్నెల్లో చేపలా కదులుతుంది, కానీ దాని పక్కనున్న చిన్న బొత్తాం మాత్రం పలకదు. దాన్ని నొక్కితే వెనకటి పేజీ రావాలి. అందుకోసం పదకొండు రోజులుగా నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చినుకుల్లా రాలుతున్నాయి.

"కీబోర్డులో దానికి మీట ఉందిగా?" అంది భార్య.

"నీకు చెప్పినా అర్థం కాదులే" అన్నాడాయన, ఎంతో దయగా.

ఆదివారం ఆమె అదే కంప్యూటర్లో లైబ్రేరియన్ ఉద్యోగానికి దరఖాస్తు నింపుతోంది. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగం. సాయంత్రం ఐదింటికి గడువు. ఆఖరి పేజీలో ఉండగా ఆయన పరుగున వచ్చాడు.

"దొరికిందోయ్! ఒక్క లైను మార్చాలి, జరుగు."

"ఏవండీ, ఆగండి..."

లైను మార్చాడు. బొత్తాం నొక్కాడు. దరఖాస్తు మాయమై, ఖాళీ మొదటి పేజీ వచ్చింది.

"చూశావా, వెనక్కి వెళ్లింది!"

"గంటన్నర వెనక్కి వెళ్లిందండీ."

ఆమె మౌస్ నొక్కుళ్లను కంప్యూటర్‌కు అందించే చిన్న రిసీవర్‌ను పీకి కొంగున ముడేసుకుంది. తన పేరు దగ్గర్నుంచి మళ్లీ కీబోర్డు మీదే మొదలుపెట్టింది. ఐదింటికి రెండు నిమిషాలుందనగా దరఖాస్తు వెళ్లిపోయింది. వెనకాల మేష్టారు మౌస్ చేత్తో పట్టుకుని బొత్తాం నొక్కుతూనే ఉన్నాడు. ఈసారి ఏదీ వెనక్కి రాలేదు.