చెంప మీది మంజిష్ఠ

అబిడ్స్‌లోని ఆ చీరల దుకాణంలో ఆడవాళ్లకు చీర కట్టి చూపించేది సదాశివ. యాభై దాటిన మనిషి. ప్యాంటూ చొక్కా మీదే కుచ్చిళ్లు పెట్టుకుని, కొంగు భుజం మీదుగా జార్చి, అద్దం వైపు సగం తిరిగి నిలబడతాడు. ఎవరూ నవ్వరు. చీర ఒక్కటే కనిపిస్తుంది. తాను కనిపించకపోవడమే అతని పనితనం.

ముఖం మాత్రం దాగేది కాదు. పొద్దున కడుక్కున్న ముఖం మధ్యాహ్నం కాకముందే నూనె తేలేది. ఆ లైట్ల కింద నుదురూ ముక్కూ తళతళలాడేవి.

"కాకా, నువ్వు నిలబడితే చాలు, ట్యూబ్‌లైట్లు బంద్ జెయ్యొచ్చు" అనేవాడు తోటి సేల్స్‌మన్ కరుణాకర్. సదాశివ కూడా నవ్వేవాడు.

పెళ్లిళ్లు మొదలయ్యే ముందు ఒక తల్లీ కూతురూ వచ్చారు. సదాశివ మీగడ రంగు పట్టుచీర కొంగు వేసుకుని చూపించాడు. కూతురికి నచ్చింది. తల్లి గొంతు తగ్గించింది. తగ్గించిన గొంతే అందరికీ వినిపించింది.

"గది వద్దు బిడ్డా. ఆయన మొఖానికి తాకింది. జిడ్డు ఎట్ల కారుతుందో జూడు. లోపల ఇంకో పీసు ఉంటే తియ్యిమను."

ఇంకో పీసు లేదు. వాళ్లు లేచి వెళ్లిపోయారు. షట్టరు దించే ముందు దుకాణం సేటు అతన్ని పక్కకు పిలిచాడు.

"సదాశివ్ భాయ్, మొఖం సంగతి జర జూసుకో. లేకుంటే మడతల కాడ కూసుందువు గాని. కట్టి చూపించుడు భాగ్య నేర్చుకుంటది."

మడతలంటే గోడవారన ఒక చాప. విప్పిన చీరలు మళ్లీ మడతపెట్టే చోటు. పనిలో కొత్తగా చేరినవాళ్లు కూర్చునేది అక్కడే. భాగ్య నిన్నమొన్న చేరిన పిల్ల.

నాంపల్లిలోని సదాశివ ఇంట్లో, అతని కూతురు వైశాలి అద్దం ముందు ఒక ఆకుపచ్చ ట్యూబు ఉంటుంది. వేప, గ్రీన్ టీ సారాలు, జిడ్డు చర్మానికి అని దాని మీద రాసి ఉంది. సదాశివ మూత తీసి వాసన చూశాడు. కూతుర్ని అడగాలంటే ముందు దుకాణంలో ఆ తల్లి అన్న మాట చెప్పాలి. మూత బిగించి ఉన్నచోటే పెట్టేశాడు.

ఆదివారం ఉస్మాన్‌గంజ్ పోయి మూలికల దుకాణంలో నిలబడ్డాడు.

"ఎవరికి?" అన్నాడు దుకాణదారు.

"ఇంట్ల ఆడోళ్లకు."

దుకాణదారు ఎర్రటి పొడి పొట్లం కట్టాడు. "మంజిష్ఠ. ముల్తానీ మట్టిల కలిపి పూసి, ఆరినంక మంచిగ కడుక్కోమను."

మట్టి పూసుకుని ఇంట్లో ఎక్కడ కూర్చోవాలి? సదాశివ ఎవరూ లేనప్పుడు ఆ పొడిని నీళ్లలో మరిగించి వడగట్టాడు. చర్మం బిగుస్తుందని, గడ్డం గీసుకున్నాక రుద్దుకునే పటికను కూడా అందులోనే కరిగించాడు. ఆ కషాయాన్ని సీసాలో పోసి సంచిలో దాచుకున్నాడు. రోజూ దుకాణం వెనకాల బాత్రూంలో దూదితో అద్దుకునేవాడు. కడిగితే గుణం పోతుందని కడిగేవాడు కాదు.

జిడ్డు తగ్గింది. చెంపలకు కొంచెం ఎరుపు వచ్చింది.

"ఏంది కాకా, పెండ్లికొడుకు కళ వచ్చింది!" అన్నాడు కరుణాకర్. ఆ మాటకు లోపల సంతోషపడ్డాడు. మరునాడు ఇంకొంచెం ఎక్కువ అద్దుకున్నాడు.

ఏసీ పాడైన రోజు ఒక పెళ్లివారు వచ్చారు. అదే మీగడ రంగు చీర. సదాశివ చెమటలు కక్కుతూనే కట్టి చూపించాడు. వాళ్లకు నచ్చింది. భాగ్య చీరను కౌంటరు దగ్గరికి తీసుకెళ్లింది. సేటు కొంగు విప్పి చూసి ఆగిపోయాడు. అంచున వేలెడు ఎర్రటి మరక.

సేటు చూపు భాగ్య పెదవుల మీద నిలిచింది.

"లిప్‌స్టిక్ పెట్టుకొని చీరలు పట్టొద్దని ఎన్నిసార్లు జెప్పిన?"

"నాది గాదు సేట్. మొఖం కాడికి తేనే లేదు."

"మరెవరిది, నాదా? రేపటిసంది రాకు."

కరుణాకర్ తడిగుడ్డతో తుడిచాడు. మరక పోలేదు. సదాశివ దూరం నుంచి చూస్తున్నాడు. అది ఎందుకు పోవడం లేదో ఆ దుకాణంలో అతనికే తెలుసు. పక్క బీరువాలో ఎర్ర చీరలున్నాయి. వాటిని చూపిస్తూ ఏళ్ల తరబడి తాను చెప్పిన మాటే ఇది. "పటిక నీళ్లల్ల నానబెట్టి, మంజిష్ఠల ఉడకబెట్టిన గుడ్డ అమ్మా. ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు పోదు."

భాగ్య ఏడుస్తూ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటోంది. చిన్నపిల్ల, ఈ గల్లీలోనే ఇంకో దుకాణం దొరుకుతుందిలే అనుకున్నాడు సదాశివ. అనుకున్న మరుక్షణం తన మీద తనకే సిగ్గేసింది. జిడ్డు అన్నప్పుడు పడిన సిగ్గు దీని ముందు ఏపాటిది.

కౌంటరు దగ్గరికి నడిచాడు. కొంగు రెండో కొస తీసి తన చెంపకు అదిమి పట్టుకున్నాడు. తీసి, సేటు ముందు పరిచాడు. మొదటి మరక పక్కన రెండోది. అదే రంగు.

"నాది సేట్. మొఖానికి పూసుకుంటున్న."

పెళ్లివారిలో ఒకామె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. సేటు రెండు మరకలనూ మార్చి మార్చి చూశాడు.

"రెండోది ఎందుకు జేసినవ్ భాయ్? నోటితోని జెప్తే సరిపోతుండె గదా."

సదాశివ తల వంచుకున్నాడు. నోటితో చెప్పగలిగేవాడైతే మొదటిది కూడా పడేది కాదు.

ఇంట్లో వైశాలి అతని చెంప చూసి అడిగింది. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆమె నవ్వలేదు. అందుకు ఇంకా కుంచించుకుపోయాడు.

"నన్ను అడిగితే ఇస్తుంటి గదా డాడీ. గింజంత చాలు. పూసుకొని కడిగేసుడే."

ఆకుపచ్చ ట్యూబు తెచ్చి అతని గడ్డం గీసుకునే డబ్బా పక్కన పెట్టింది.

మరునాడు సదాశివ చాప మీద కూర్చుని చీరలు మడతపెడుతున్నాడు. అద్దం ముందు భాగ్య. కుచ్చిళ్లు చేతిలోంచి జారిపోతున్నాయి. కొనడానికి వచ్చినవాళ్లు విసుక్కుంటున్నారు.

"కాకా, జర చెప్పవా?" అని అక్కడినుంచే అడిగింది.

"బొటనవేలు కింద పట్టు బిడ్డా. ఇంకొంచెం పైకి. ఆఁ, గట్ల" అన్నాడు.

ముఖం ఎత్తకుండానే చెప్పాడు.