అర చుట్టు ఎక్కువ

మా పెదనాన్న ముప్పై ఏళ్లుగా కార్ల కరెంటు పనులు చేస్తున్నాడు. ఆయనది ఉడుం పట్టు. ఇంట్లో ఆయన కట్టేసిన కుళాయి మళ్లీ ఆయన తిప్పితేనే తెరుచుకుంటుంది. డబ్బా మూత రాకపోతే పెద్దమ్మ "ఏమండీ!" అని కేకేస్తుంది. ఆయన మీసం దువ్వుకుంటూ వస్తాడు. ఆ మూత బిగించింది తనేనన్న సంగతి మాత్రం ఎత్తడు.

బ్యాటరీ దగ్గరా అదే వరస. ఉంగరం తీసి జేబులో వేసుకుంటాడు, ముందు నల్ల వైరు విప్పుతాడు, ఆఖరున దాన్నే తగిలిస్తాడు. అంతవరకూ వంక పెట్టడానికి లేదు. నట్టు బిగిశాక "ఇది నా ముద్ర" అంటూ ఇంకో అర చుట్టు తిప్పుతాడు. అదీ ఆయన రోగం.

ఆ ముద్ర కాన్పులు చేసే నర్సమ్మ కారుకీ పడింది. బ్యాటరీ మీద వైరు తగిలించే సీసపు మొన చిట్లింది. వారం తిరక్కుండానే, ఆవిడ కాన్పుకు బయల్దేరబోతే కారు కిక్కురుమనలేదు. పాపం, మైలు దూరం పరుగెత్తింది. తల్లీబిడ్డా క్షేమమే. కానీ మర్నాడు షెడ్డుకొచ్చి, "మిమ్మల్ని నమ్ముకునే తిరుగుతున్నానండీ. ఇంకోసారి ఆగిందంటే వేరే షెడ్డు చూసుకుంటా," అంది. పెదనాన్న ముఖం మాడిపోయింది. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

ఆయన కూతురు, మా అక్క, ఆ షెడ్డులోనే పనిచేస్తుంది. ఒక కొలత పానా తెచ్చింది. ఎంత బిగించాలో ముందే అమర్చి పెడితే, అక్కడికి రాగానే టిక్కుమంటుంది.

"నా చెయ్యి చెప్పలేనిది ఈ ఇనప ముక్క చెబుతుందా?" అన్నాడు పెదనాన్న.

"నీ చెయ్యి చెప్పినట్టే చేశాం కదా నాన్నా. ఆవిడ పరుగెత్తింది."

ఆయన నర్సమ్మ కారు బానెట్ ఎత్తాడు. కొత్త బ్యాటరీ పెట్టాడు. అక్క ఆ కారు పుస్తకంలోంచి అంకెలు చదివింది. బ్యాటరీ నట్టుకు చిన్నది, పనిలో పనిగా చూసిన, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ బోల్టుకు పెద్దది. పానా టిక్కుమంది. ఆయన చెయ్యి దాని మీదే ఉండిపోయింది, అర చుట్టు కోసం దురదపెడుతూ. అక్క గొంతు సవరించుకుంది. చెయ్యి తీసేశాడు.

నెల తర్వాత నర్సమ్మ ఫోన్ చేసింది. "ఎనిమిది కాన్పులకు వెళ్లొచ్చా. ఒక్కసారి కూడా మొరాయించలేదు. సర్వీసుకు మీ దగ్గరికే తెస్తున్నా."

ఆ సంతోషంలో ఇంటికొచ్చాడు. ఈ నెలంతా ఇంట్లో మూత పెట్టినా నోటితో "టిక్" అని ఆపేస్తున్నాడు. పెద్దమ్మ పంచదార డబ్బా మూత రెండు వేళ్లతో తీసేసింది. అది చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అయితే ఇక నన్ను పిలవవన్నమాట."

"పిలుస్తా," అంది పెద్దమ్మ, "అన్నానికి."