చిన్నోని కాళ్లు నిండినాయి

ఈ పొద్దు మా చిన్నోడు గుంతకల్లులో రైల్వే పని నుంచి వచ్చినాడు. వాకిట్లో కాళ్లు కడుక్కుంటాంటే పక్కింటి సుబ్బమ్మ చూసి నవ్వింది.

"ఏమక్కా, ఈ కరువులో మేమంతా ఎండిపోతాంటే నీ కొడుకు కాళ్లకు కండ పట్టిండాదే! రైలోళ్ల కూడు వంటబట్టినట్టుండాది."

పోయినేడు పెద్దోని కాళ్లు ఇట్లే నిండితే, ఒళ్లు చేసినాడని ఊరంతా మురిసింది. కార్జం చెడి నీరు దిగిందని డాక్టరు చెప్పినాక వాడు ఎన్నాళ్లో ఉండలేదు.

చిన్నోని చీలమండ పైన బొటనవేలితో నొక్కినాను. గుంత పడింది, మళ్లీ పూడలేదు.

"చక్కిలిగిలి పెట్టొద్దుమా" అని నవ్వినాడు వాడు.

మొగం పీక్కపోయినోనికి కాళ్లకు మాత్రం కండ యాడిది? తెల్లారినాక అనంతపురం పెద్దాసుపత్రికి పిల్చకపోతా. ఇట్ల కాళ్లు వాచి కూడా బతికి బయటపడిన బిడ్డ మీకు తెలిసింటే ఒక్క మాట చెప్పండమ్మా, బస్సెక్కే ధైర్యం వస్తాది.