నిదానంగా పోతేనే మిస్సింగ్

2022 ఎండాకాలం. నందికొట్కూరులో కర్నూలు రోడ్డు పక్కన నా షెడ్డు. అప్పటికి ఇరవై ఏడేళ్లుగా పెట్రోలు కార్లు బాగుచేస్తున్నాను. కొత్త బండ్లకు కంప్యూటర్ తగిలించి జబ్బు చెప్పేస్తున్నారు కాబట్టి, నా దగ్గరికి పాతవే వచ్చేవి. తెచ్చేవాళ్లు కూడా వేరే దారి లేనివాళ్లే.

శివారెడ్డన్నది అలాంటి బండే, ముప్పై ఏళ్లది. ఆయన భార్య నాగమ్మక్కకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు కర్నూలులో డయాలసిస్. అది అయ్యాక ఆమెకు బీపీ పడిపోయేది, బస్సులో రాలేకపోయేది. అందుకని ఆ కారు.

"మస్తానూ, బండి ఎగిరెగిరి పడతాండాది. దావలో రెండుతూర్లు ఆగిపోయింది" అన్నాడాయన.

దాన్ని మేం మిస్సింగ్ అంటాం. సిలిండర్‌లో పెట్రోలు అంటుకోవాల్సిన క్షణానికి నిప్పురవ్వ పడకపోవడం. ఆ రవ్వకు కావలసిన కరెంటును కాయిల్ పుట్టిస్తుంది, డిస్ట్రిబ్యూటర్ దాన్ని సిలిండర్లకు వంతులవారీగా పంచుతుంది. దాని మూత తీసి చూసి, ప్లగ్గులు మార్చి, షెడ్డులో అరగంట ఇంజిన్ తిప్పాను. ఒక్క తడబాటు లేదు. రెండు రోజులకే ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి వైర్లు, కాయిల్ మార్చాను. షెడ్డులో మళ్లీ బాగానే ఉంది.

"ఇంగేం కాదన్నా, ధైర్నంగా పో" అన్నాను.

ఆ శుక్రవారం కారు సగం దారిలో ఆగిపోయింది. ఆటో దొరికి ఆసుపత్రి చేరేసరికి అక్క వంతు దాటిపోయింది. మర్నాటికి ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లో చేరి, ఆయాసంతో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. శివారెడ్డన్న ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వాళ్లు ఇంటికొచ్చారని తెలిసి, షెడ్డు మూసి వెళ్లాను. అక్క వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. కాళ్లు ఇంకా వాచే ఉన్నాయి. తాళం అడిగాను.

"మళ్లా షెడ్డులో నిలబెట్టి చూస్తావా?" అంది. "అది నిలబెడితే చెప్పదప్పా. ఎత్తెక్కేటప్పుడు గట్టిగా తొక్కితే బాగనే పోతాండాది. సాపు రోడ్డులో, ఒకే తీరుగా నిదానంగా పోయేటప్పుడే ఎగరతాది. పక్కన కూసునేది నేను. నాకు తెలీదా?"

"ముందే చెప్పాల్సింది కదక్కా."

"నన్నెవురు అడిగినారు? ఆయన్నే అడిగితివి."

డిస్ట్రిబ్యూటర్ లోపల, రవ్వ ఎప్పుడు పడాలో నిర్ణయించే చిన్న పలక ఉంటుంది. బండి ఒకే వేగంతో సాఫీగా పోతున్నప్పుడు, ఇంజిన్ పీల్పు ఒక సన్నని గొట్టం ద్వారా ఆ పలకను కాస్త పక్కకు లాగుతుంది. దీన్నే వ్యాక్యూమ్ అడ్వాన్స్ అంటారు. బండిని నిలబెట్టి, తొక్కకుండా ఇంజిన్ తిప్పితే లాగదు, గట్టిగా తొక్కినప్పుడూ లాగదు. నేను షెడ్డులో అలా ఎన్ని గంటలు తిప్పినా ఆ పలక కదిలేది కాదు.

వాళ్ల వాకిట్లోనే ఇంజిన్ స్టార్ట్ చేసి, గొట్టం కొస ఊడదీసి నోట్లో పెట్టుకుని పీల్చాను. ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసి పీల్చాను. మళ్లీ ఆగింది.

మూత తీశాను. పలక మీదికి కరెంటు తెచ్చే బెత్తెడు తీగ ఒకటి ఉంది. పైతొడుగు చక్కగా ఉంది. మెల్లగా లాగితే రబ్బరులా సాగింది. లోపల రాగి తెగిపోయింది. పలక కదిలినప్పుడల్లా ఆ తెగిన కొసలు విడిపోయేవి. మెత్తగా వంగే కొత్త తీగ వేసి టంకం పెట్టాను. సంతోషమేమీ కలగలేదు. మెట్టు మీద కూర్చుని చేతులు తుడుచుకున్నాను.

"ఇంతేనా?" అన్నాడు శివారెడ్డన్న.

"ఇంతేనన్నా. మొదటి దినమే ఈ మూత తీసినా. తీగ నా కండ్ల ముందరే ఉండింది."

అక్కే అంది: "ముందర నువ్వు తిప్పుకొని రాపో. మేం మళ్లా ఎక్కుతాం."

నలభై కిలోమీటర్లు తిప్పి తెచ్చాను. ఎక్కడా ఎగరలేదు. ఆ కారు ఆమెను ఇంకో ఏడాదిన్నర కర్నూలుకు తిప్పింది. అక్క కన్నుమూశాక దానికి ఆ పని లేకుండా పోయింది.

ఇప్పుడు రోడ్డు మీద తిప్పనిదే ఏ బండి తాళమూ తిరిగి ఇవ్వను. తోలేవాళ్లనే కాదు, పక్కన కూర్చునేవాళ్లనూ అడుగుతాను. "మాకేం తెలుసప్పా" అంటారు చాలామంది. ఆగి మళ్లీ అడిగితే, చెబుతారు.